క్లాసు ముగిసేలోపే చేతికొచ్చే రిపోర్టు

(వైద్య, నర్సింగ్, ఫార్మసీ అధ్యాపకుల శిక్షణ కార్యక్రమంలో ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభికుల ప్రశ్నలు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండీ. భోజనాల తర్వాతి సెషన్ నాకిచ్చారు. నిర్వాహకులకి నా మీద ఎందుకంత కోపమో తెలియదు. [నవ్వులు] నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను.

మన ఇంటర్నల్స్ ఎలా నడుస్తాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లలు రాస్తారు. పేపర్లు కట్ట కట్టి డిపార్టుమెంటులో బీరువా మీద పెడతాం. వార్డులు, ఇన్‌స్పెక్షన్లు, ఎవరో ఒకరు సెలవు. దిద్దడం పూర్తయ్యేసరికి వారాలు దాటిపోతాయి. ఆ తర్వాత నోటీసు బోర్డు మీద రోల్ నంబరు, ఎదురుగా మార్కు. 30కి 17. ఆ పదిహేడు చూసి పిల్లవాడు ఏం చేసుకోవాలి? తనకి రానిది ఆటోనమిక్ మందులా, డైయూరెటిక్సా? ఆ కాగితం వాడికి చెప్పదు, మనకీ చెప్పదు. ఈలోపు మనం రెండు చాప్టర్లు ముందుకెళ్ళిపోయి ఉంటాం.

పొటాషియం రిపోర్టు పేషెంటు డిశ్చార్జి అయ్యాక పంపిస్తే ల్యాబ్ వాళ్ళని మనం ఊరుకుంటామా? మన పరీక్షల రిపోర్టు మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఇస్తున్నాం.

ఇవాళ్టి బ్రోషర్లో ‘రియల్ టైమ్ టెస్ట్ ఎనలిటిక్స్’ అని పెద్ద అక్షరాలతో వేశారు. అసలు సంగతి అంత భయపడాల్సింది కాదు. పిల్లలు జవాబు నొక్కిన నిమిషంలోనే, ఎంతమంది ఏ ఆప్షన్ పెట్టారు, ఎంతసేపు ఆలోచించారు, క్లాసు మొత్తం ఎటు మొగ్గింది అనేది మన స్క్రీన్ మీదకి వస్తుంది. అంతే. వచ్చాక ఆ గంటలోనే మన పాఠం కొంచెమైనా దారి మార్చుకోవాలి. మార్చుకోకపోతే అవి రంగురంగుల బొమ్మలు. అక్రెడిటేషన్ (కాలేజీ నాణ్యత గుర్తింపు) ఫైల్లో పెట్టుకోవడానికి పనికొస్తాయి.

ఒక్క ప్రశ్న తీసుకుందాం. ఇందులో అంకెలు లెక్క తేలిగ్గా చూపించడానికి నేను వేసుకున్నవి. ప్రశ్న మాత్రం మనందరం అడిగేదే.

62 ఏళ్ళ మనిషి, చాలాకాలంగా కిడ్నీ జబ్బు. రక్తంలో పొటాషియం 7.2, అంటే ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. ఈసీజీలో టీ వేవ్స్ మొనదేలి నిలబడ్డాయి, క్యూఆర్ఎస్ వెడల్పయింది. ముందుగా ఏమిస్తారు? ఆప్షన్లు నాలుగు: ఇన్సులిన్‌తో డెక్స్‌ట్రోజ్, సాల్‌బ్యుటమాల్ నెబ్యులైజేషన్, కాల్షియం గ్లూకోనేట్, సోడియం బైకార్బొనేట్.

150 మంది క్లాసు. స్క్రీన్ మీద ఇలా వచ్చిందనుకోండి: కాల్షియం 51 మంది, ఇన్సులిన్ 78, సాల్‌బ్యుటమాల్ 15, బైకార్బొనేట్ 6. అంటే సరైన జవాబు పెట్టినవాళ్ళు 34 శాతం.

పాత పద్ధతిలో అయితే ఏమనుకుంటాం? ‘వీళ్ళకి హైపర్‌కలీమియా, అంటే రక్తంలో పొటాషియం పెరిగిపోయే పాఠం, అస్సలు రాలేదు, మొత్తం మళ్ళీ చెప్పాలి’ అనుకుంటాం. అరగంట మళ్ళీ మందుల జాబితా చదువుతాం. కానీ పట్టిక కొంచెం నిదానంగా చూడండి. సగం మందికి పైగా ఇన్సులిన్ దగ్గర కూర్చున్నారు. వాళ్ళకి మందులు తెలుసు. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుందనీ తెలుసు. తెలియనిది ఒకటే. ఈ మనిషిని వచ్చే అయిదు నిమిషాల్లో చంపబోయేది గుండె లయ తప్పడం. కాల్షియం పొటాషియాన్ని ఒక్క పాయింటు కూడా దించదు. గుండె కండరం పొరని నిలకడ చేస్తుంది, రెండు మూడు నిమిషాల్లోనే. ఆ రక్షణ అరగంట నుంచి గంట దాకా ఉంటుంది. ఇన్సులిన్ పని మొదలవడానికే పది, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధి దాకా గుండెని కాపాడే మందు ముందు, పొటాషియం దించే మందు తర్వాత. పిల్లలు ‘పొటాషియం ఎక్కువైంది, కాబట్టి పొటాషియం తగ్గించాలి’ అని లాజిక్‌గానే వెళ్ళారు. పాఠ్యపుస్తకంలో హెడ్డింగ్ కింద మందులన్నీ వరసగా ఉంటాయి, ఏది ముందో పిల్లవాడి మనసులో పడదు.

సరిచేయాల్సింది ఈ ఒక్క ముక్క. అరగంట అక్కర్లేదు, ఎనిమిది నిమిషాలు చాలు.

మరి ఆ ఎనిమిది నిమిషాల్లో ఏం చేయాలి? వెంటనే జవాబు చెప్పేయకండి. ఇక్కడే మనం ఆగలేం, నోరు దురద పెడుతుంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991 నుంచి చేస్తున్న పద్ధతి ఒకటుంది. జవాబు చూపించకుండా, ‘పక్కవాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడండి, మీ జవాబుకి వాళ్ళని ఒప్పించండి’ అంటాడు. తర్వాత మళ్ళీ ఓటు. మొదటి ఓటులో సరైన జవాబులు సుమారు 30కి, 70 శాతానికి మధ్య ఉంటేనే ఈ చర్చ బాగా నడుస్తుంది. అంతకన్నా తక్కువైతే చర్చించుకోవడానికి తెలిసినవాడు పక్కన ఉండడు, మనమే చెప్పాలి. 70 దాటితే ఒక్క మాటలో చెప్పి ముందుకెళ్ళిపోవచ్చు. మన ప్రశ్న 34 దగ్గర ఉంది, కాబట్టి మాట్లాడనివ్వండి. గ్యాలరీలో గోల లేస్తుంది. ప్రిన్సిపాల్ గారు ఆ దారిన వెళ్తే తలుపు తీసి చూస్తారు. చూడనివ్వండి. [నవ్వులు]

సరైన జవాబు మాత్రం ఆ క్లాసు వదలకముందే చెప్పాలి. దీనికి కారణముంది. బహుళైచ్ఛిక ప్రశ్న రాసినప్పుడు పిల్లవాడు ఎంచుకున్న తప్పు ఆప్షన్ వాడి మనసులో నిజంగా కూర్చునే ప్రమాదం ఉంది. 2008లో బట్లర్, రోడిగర్ అనే పరిశోధకులు చేసిన పనిలో ఇదే తేలింది. పరీక్ష తర్వాత సరైన జవాబు చూపిస్తే ఆ నష్టం తగ్గుతుంది, లాభం పెరుగుతుంది. మనం ‘కీ వచ్చే వారం పెడతాం’ అంటున్నామంటే, వారం పాటు ఇన్సులిన్‌ని వాడి బుర్రలో నాటి పెడుతున్నామన్నమాట.

పరీక్ష అంటే కొలత అని మాత్రమే మనకి అలవాటు. పరీక్ష రాయడమే చదువు కూడా. 2006లో ఇదే రోడిగర్, కార్పికే అనే పరిశోధకుడితో కలిసి కాలేజీ పిల్లలకి కొన్ని వ్యాసాలు చదివించాడు. కొందరు రెండోసారి చదివారు, కొందరు చదివింది గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి, 81కి 75. వారం తర్వాత అడిగితే తిరగబడింది: చదివినవాళ్ళు 42, రాసినవాళ్ళు 56 శాతం. అదే వరసలో చేసిన ఇంకో ప్రయోగంలో, వారం తర్వాత మీకెంత గుర్తుంటుందని అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ఎక్కువ ధీమాగా ఉన్నారు. బట్టీ పట్టినప్పుడు ‘వచ్చేసింది’ అనిపించే భ్రమ మనకి కొత్తా?

అవి మామూలు వ్యాసాలు కదా, మన వైద్యానికేం సంబంధం అంటారేమో. 2009లో లార్సెన్, బట్లర్, రోడిగర్ కలిసి పీడియాట్రిక్స్, ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెంట్లతో, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లతో చేశారు. పాఠాలు స్టేటస్ ఎపిలెప్టికస్ (ఆగకుండా వచ్చే మూర్ఛ), మయస్తీనియా గ్రావిస్ (కండరాలు నీరసించే జబ్బు). ఒకదాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు, రెండోదాని మీద జవాబులు చూపిస్తూ మళ్ళీ మళ్ళీ పరీక్ష పెట్టారు. ఆరు నెలలు దాటాక చూస్తే చదివినదాంట్లో 26, పరీక్ష రాసినదాంట్లో 39 శాతం. 39 అంటే మన లెక్కలో ఫెయిలే, ఒప్పుకుంటాను. డ్యూటీల మధ్య ఆరు నెలల తర్వాత మిగిలేది అంతేనని కూడా అది చెబుతోంది. అందుకే అదే పొటాషియం ప్రశ్నని రెండు వారాల తర్వాత ఇంకో పేషెంటు, ఇంకో కథతో మళ్ళీ అడగండి. అదే వాక్యాలు పెడితే ఆప్షన్ ‘సి’ అని గుర్తుపెట్టుకుని నొక్కుతారు.

ఇక ఎక్కువ మంది దాటేసే సంగతి. ఈ అంకెలు పిల్లల కంటే ముందు మన ప్రశ్నని పరీక్షిస్తాయి.

లెక్క సులభం. మొత్తం మార్కుల్లో పైనున్న 27 శాతం, కిందనున్న 27 శాతం విడగొట్టండి. ఈ 27 శాతం 1939లో కెల్లీ అనే గణాంకవేత్త లెక్కగట్టి చెప్పింది. 150 మందిలో అటు నలభై, ఇటు నలభై. పొటాషియం ప్రశ్నకి పై నలభైలో 24 మంది, కింది నలభైలో 9 మంది సరిగ్గా పెట్టారనుకోండి. తేడా 15, భాగించు 40. 0.375. ప్రశ్న పిల్లల్ని ఎంత బాగా విడదీస్తోందో చెప్పే సూచిక ఇది. మంచి ప్రశ్న. కష్టమైనదే, కానీ చదివినవాణ్ణీ చదవనివాణ్ణీ విడదీస్తోంది. ఇప్పుడు ఇంకో ప్రశ్నలో పైవాళ్ళు 12, కిందివాళ్ళు 22 అని వచ్చింది. మైనస్ 0.25. టాపర్లు తప్పు పెడుతున్నారు, వెనక బెంచీ సరిగ్గా పెడుతోంది. అప్పుడు పిల్లల్ని తిట్టకండి, ముందు కీ చూడండి. చాలాసార్లు కీ తప్పయినా ఉంటుంది, లేదా రెండు ఆప్షన్లూ సరైనవే అయినా ఉంటాయి. బాగా చదివిన పిల్లవాడు మనకి తోచని మినహాయింపు ఆలోచించి వేరే జవాబు పెడతాడు. ఆ ప్రశ్నని మార్కుల్లోంచి తీసేయండి, ఎందుకు తీశారో పిల్లలకి చెప్పండి. మూడేళ్ళుగా ఆ ప్రశ్న మీ క్వశ్చన్ బ్యాంకులో తిరుగుతూ ఉండొచ్చు.

నర్సింగ్ కాలేజీ వాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మీ బ్యాచ్ 30 మంది అయితే 27 శాతం ఎనిమిది మంది. ఒక్క అమ్మాయి జవాబు మారితే సూచిక 0.125 కదులుతుంది. సాఫ్ట్‌వేర్ దశాంశం తర్వాత మూడు అంకెలు చూపిస్తుంది కదాని నమ్మేయకండి. రెండు మూడు బ్యాచ్‌ల జవాబులు కలిపి చూడండి.

తప్పు ఆప్షన్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి, నాకిది ఇష్టమైన భాగం. మనం నాలుగో ఆప్షన్ ఎలా రాస్తామో నిజం చెప్పుకుందాం. రాత్రి పదకొండింటికి, పేపరు పొద్దున్నే ప్రింటుకి వెళ్ళాలి, ఏదో ఒకటి పడేస్తాం. అలాంటి ఆప్షన్ని ఎవరూ ముట్టుకోరు. ఎవరూ ముట్టుకోని ఆప్షన్ మనకేమీ చెప్పదు. జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) పిల్లలకి ఇచ్చే ఈ ప్రశ్న చూడండి. 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో ఎక్కించాలి, సెలైన్ ఎక్కించే గొట్టం సెట్ ఎంఎల్‌కి 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు? 500 ఇంటూ 20, భాగించు 240 నిమిషాలు. 41.67, అంటే 42.

తప్పు ఆప్షన్లు ఏం పెట్టాలి? 31 పెట్టండి. ఎంఎల్‌కి 15 చుక్కల సెట్ అనుకుని లెక్క కట్టినవాళ్ళు అక్కడికి వస్తారు. 83 పెట్టండి, నాలుగు గంటల్ని రెండుగా చూసినవాళ్ళు వస్తారు. 125 పెట్టండి. ఇది తమాషా అంకె. మైక్రో డ్రిప్ సెట్, అంటే ఎంఎల్‌కి 60 చుక్కలది అనుకున్నవాళ్ళకీ 125 వస్తుంది. గంటకి ఎన్ని ఎంఎల్ అని లెక్కగట్టి అక్కడే ఆగిపోయినవాళ్ళకీ 125 వస్తుంది. రెండూ వేరే వేరే తప్పులు. మొదటి పిల్లకి సెట్ల తేడా చూపించాలి, రెండు సెట్లూ చేతికిచ్చి ప్యాకెట్ మీద రాసింది చదివించాలి. రెండో పిల్లకి యూనిట్లు మార్చడం నేర్పాలి. స్క్రీన్ మీది గ్రాఫులో ఇద్దరూ ఒకే కడ్డీలో కనిపిస్తారు. అక్కడ సాఫ్ట్‌వేర్ పని అయిపోయింది. మీరు లేచి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి ‘ఎలా చేశావమ్మా, పలక మీద వేసి చూపించు’ అనాలి. ఎవరిని అడగాలో చెప్పడానికే ఈ సాఫ్ట్‌వేర్. అడగడం మన పనే.

నమ్మకం సంగతి కూడా చెబుతాను. లండన్ యూనివర్సిటీ కాలేజీలో గార్డ్‌నర్ మెడ్విన్ అనే ఫిజియాలజీ ఆచార్యుడు వైద్య విద్యార్థులతో ఒక పద్ధతి నడిపారు. జవాబుతోపాటు ఎంత గట్టిగా నమ్ముతున్నావో 1, 2, 3లో ఒకటి పెట్టాలి. సరైతే అన్నే మార్కులు. తప్పయితే 1కి సున్నా, 2కి మైనస్ రెండు, 3కి మైనస్ ఆరు. మెథోట్రెక్సేట్ అనే మందు ఉదాహరణగా తీసుకోండి, ఫార్మసీ వాళ్ళకి బాగా తెలుసు. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి వేసేది, రోజూ వేస్తే ప్రమాదం. ‘రోజూ’ అని పెట్టిన పిల్లవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు తెలియక గుడ్డిగా కొట్టి నమ్మకం 1 పెట్టాడు. వాడు రేపు కౌంటర్లో సందేహం వచ్చి పుస్తకం తీస్తాడు, పక్కవాణ్ణి అడుగుతాడు. ఇంకొకడు 3 పెట్టాడు. వాడు ఎవరినీ అడగడు. మామూలు మార్కుల లిస్టులో ఇద్దరికీ సున్నాయే. నేనైతే ఆ క్లాసులో ముందు రెండోవాడితో మాట్లాడతాను.

జవాబుకి పట్టిన సమయం కూడా స్క్రీన్ మీద వస్తుంది, దాన్ని మాత్రం తొందరపడి చదవకండి. మన క్లాసుల్లో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు ఉంటారు. ఎనిమిది లైన్ల ఇంగ్లీషు కేసు చదవడానికే వాళ్ళకి సమయం పోతుంది. స్క్రీన్ ‘స్లో లెర్నర్’ అని ఎర్ర రంగు వేస్తుంది. అదే ప్రశ్నని మూడు లైన్లకి కుదించి ఇంకోసారి పెట్టి చూడండి. సమయం పడిపోయి జవాబు సరైతే, వాడికి మెడిసిన్ వచ్చు, మీ ఇంగ్లీషు బరువైంది. మూడు సెకన్లలో నొక్కేసినవాడు వేరు, వాడు చదవనేలేదు.

సామాన్ల విషయానికొస్తే ఎక్కువ చెప్పను. మూడ్ల్ (ఆన్‌లైన్లో పాఠాలు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న కాలేజీల్లో క్విజ్ రిపోర్టులోనే ఇలాంటి సూచికలు వస్తాయి, తెరిచి చూసేవాళ్ళు లేరు గానీ. గూగుల్ ఫారమ్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు. గ్యాలరీలో సిగ్నల్ రాదు, ఫోన్లు నిషేధం అన్నచోట ప్లికర్స్ అని కాగితం కార్డులున్నాయి. ఒక్కో పిల్లవాడికి ఒక్కో గుర్తున్న కార్డు, దాన్ని తిప్పి పట్టుకున్న వైపుని బట్టి ఎ, బి, సి, డి. మీ ఒక్క ఫోన్‌తో క్లాసు మొత్తం స్కాన్ చేస్తారు. కార్డులు గరిష్ఠంగా 63 మందికే ఉంటాయి, కాబట్టి 150 మంది లెక్చరుకి చాలవు. ట్యుటోరియల్ బ్యాచ్‌లకి చక్కగా సరిపోతాయి.

జాగ్రత్తలు రెండు మూడు. పేర్లతో ఉన్న పట్టికని తెర మీద వేయకండి. తెర మీద కడ్డీలు చాలు, పేర్లు మీ లాప్‌టాప్‌లో. పిల్లల జవాబులు వ్యక్తిగత సమాచారం కిందికే వస్తాయి, 2023లో దానికి చట్టం కూడా వచ్చింది. ఏ కంపెనీ సర్వర్లో పెడుతున్నారో చూసుకోండి. ఇంకొకటి, 1990లో వైద్య విద్యావేత్త మిల్లర్ గీసిన పిరమిడ్ గుర్తుంది కదా: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపిస్తాడు, నిజంగా చేస్తాడు. మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్నదంతా కింది రెండు మెట్లే. కాల్షియం గ్లూకోనేట్ అని నొక్కినవాడు దాన్ని ఈసీజీ చూస్తూ నిదానంగా ఎక్కించగలడని ఈ స్క్రీన్ చెప్పదు. దానికి వార్డు, ఓస్కీ (చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష), మీ కళ్ళు.

ప్రశ్నలుంటే అడగండి.

[సభ నుంచి: మేడమ్, పక్కవాళ్ళది చూసి కొట్టేస్తారు కదా?]

మార్కులు పెడితే కొట్టేస్తారండీ. పెట్టకండి. 2019లో సీబీఎంఈ (సామర్థ్యాల ఆధారిత వైద్య విద్య) వచ్చినప్పటి నుంచి ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే నేర్చుకోవడానికి పెట్టే పరీక్ష, అని పదే పదే అంటున్నాం, మళ్ళీ ప్రతిదాన్నీ ఇంటర్నల్ మార్కుల్లో కలిపేస్తున్నాం. మార్కు లేనిచోట తప్పు జవాబు దాచుకోవాల్సిన అవసరం పిల్లవాడికి ఉండదు. మనకి కావలసింది ఆ తప్పు జవాబే.

[సభ నుంచి: సిలబసే అవ్వట్లేదు మేడమ్. దీనికి టైమ్ ఎక్కడిది?]

క్లాసు మొదట్లో రెండు ప్రశ్నలు వేయండి సార్. 90 శాతం సరిగ్గా పెట్టారంటే ఆ నాలుగు స్లైడ్లు దాటేయండి. వాళ్ళు యాప్‌లలో చూసి వచ్చేసి ఉంటారు, ఫస్టియర్ నుంచే అందరి ఫోన్లలో ఉన్నాయిగా. తెలిసినదాన్ని చెప్పడం మానేస్తే మిగిలే టైమ్ ఎంతో మీరే చూసుకోండి. అయినా మనం చెబితే సిలబస్ అయినట్టా, వాళ్ళకి వస్తే అయినట్టా అనేది కూడా ఆలోచించాలి.

[సభ నుంచి: మా మేనేజ్‌మెంట్ ఈ డాష్‌బోర్డు చూసి టీచర్లకి ర్యాంకులిస్తామంటోంది.]

అందుకే అడిగారా, ముందు వరసలో కూర్చుని! [నవ్వులు] అలా చేస్తే వచ్చే నెల నుంచి మీ కాలేజీలో అన్నీ తేలిక ప్రశ్నలే వస్తాయి, అన్ని కడ్డీలూ 95 దాటతాయి, ఏ పిల్లవాడికి ఏం రాదో ఎవరికీ తెలియదు. పొటాషియం ప్రశ్న అడిగి 34 శాతం తెచ్చుకున్న టీచరు ఆ రోజు మంచి పని చేసింది, మీ ర్యాంకుల్లో ఆవిడ అట్టడుగున ఉంటుంది. క్లాసులో తీసిన అంకెలు ఆ సబ్జెక్టు టీచరు దగ్గరే ఉంటాయని మొదలుపెట్టేముందే కాగితం మీద రాయించుకోండి. వాళ్ళు రాసివ్వకపోతే, కాగితం కార్డులతో మీ ట్యుటోరియల్ వరకే చేసుకోండి, పైవాళ్ళకి లాగిన్ ఇవ్వాల్సిన పనే ఉండదు.

సరే, టైమ్ అయిపోయిందని అక్కణ్ణుంచి సైగ చేస్తున్నారు. టీ తర్వాత పక్క కంప్యూటర్ ల్యాబ్‌లోకి రండి. మీ పాత ఇంటర్నల్ బిట్ పేపరు, మార్కుల షీటు మెయిల్లో ఉంటే తెరిచి పెట్టుకోండి. అందులో ప్రశ్నలే తీసుకుని లెక్క కడదాం.